బర్రె సంగతి అడగని ఉత్తరం

చిరంజీవి శీనుకు నాయిన ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

ఊరి సంగతులు నీకు రాయక చాలా రోజులైంది. కంది ఈసారి పూత బాగా నిలిచింది. మొన్నటి ముసురుకు కొంత రాలినా కాయ పడుతోంది. పత్తి రెండోసారి ఏరారు. కూలోళ్లు దొరకక మీ అమ్మ, చిన్నమ్మ ఇద్దరే మూడు రోజులు ఏరారు, ఇప్పుడు ఇద్దరికీ నడుము నొప్పి. అవ్వకు కంటి ఆపరేషన్ సంక్రాంతి తర్వాత చేద్దామని డాక్టరు అన్నాడు. అక్క జడ్చర్ల నుంచి పిల్లలతో వచ్చి పోయింది. కురుమూర్తి జాతరకు మామయ్య వస్తాడని పిల్లలిద్దరూ వాకిట్లోనే కూర్చున్నారు. ఎర్రబర్రెకు నెలలు నిండాయి, రాత్రి రెండుసార్లు లేచి చూస్తున్నాం.

నీతో మాట్లాడి పదకొండు రోజులైంది. పని ఉంటుంది, నాకు తెలుసు. కానీ మీ అమ్మ ఫోన్ చేస్తే ఎత్తవు, నేను చేస్తే ఎత్తవు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక బొటనవేలు బొమ్మ వస్తుంది. నేను ఈ ఊరి పోస్టాఫీసులో 1987 నుంచి జనం చేత వేలిముద్రలు వేయించుకుంటున్నాను. వేలిముద్రతో డబ్బు ముట్టిందని తెలుస్తుంది. తిన్నాడా, నిద్రపోయాడా, ఎవరన్నా ఏమన్నా అన్నారా, అవేవీ తెలియవు. అందుకే ఈ ఉత్తరం. రిజిస్టర్ చేద్దామంటే దాన్ని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కదా, స్పీడ్ పోస్టులోనే పంపుతున్నాను. సంతకం నువ్వే పెట్టు, హాస్టల్ వాచ్‌మన్ చేత పెట్టించకు.

మొన్న కోస్గి బస్టాండులో కిష్టయ్య కొడుకు కలిశాడు. "శీనన్న బ్యాంకాక్ పోతున్నాడంట కదా పెద్దనాయినా, కంప్యూటర్ పనంట, నెలకు 80 వేలంట" అన్నాడు. నేను ఔనన్నాను. నాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పలేదు, అయినా సాయంత్రానికల్లా ఆమెకు తెలిసింది. అది నిజమా అబద్ధమా అని నేను నిన్ను నిలదీయను. నువ్వే చెబుతావు.

పోవడం తప్పని నేనెన్నడూ అనలేదు బిడ్డా. మీ తాత నాగార్జునసాగర్ పనిలో రాయి మోశాడు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ చెమట అందులో ఉందని అనడం నువ్వూ విన్నావు. మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి బొంబాయి, పుణె బస్సులెక్కని ఇల్లు ఏది? పొయ్యేటప్పుడు ఎవరి చేతిలో పడి పోతున్నామో చూసుకోవాలి, అంతే. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. పడమటింటి బాలమ్మ సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

నేను పోస్టాఫీసు పనిలో చేరిన మరుసటి ఏడు. అంతకు ముందటి ఏడు వానలు లేవు. ఒక గుంపు మేస్త్రీ వచ్చి మన ఊరి నుంచి పదకొండు మందిని మహారాష్ట్రలో కాలువ పనికి మాట్లాడుకున్నాడు. మనిషికి పదిహేను వందలు అడ్వాన్సు. బాలమ్మ పెనిమిటి సాయన్న ఆ డబ్బుతో అప్పు తీర్చి, ఇంటి కప్పు వేయించి పోయాడు. పోయేటప్పుడు వాళ్ల బర్రె చూడుతో ఉంది. దాని మీద వాడికి ఎంత ప్రాణమంటే, బస్సెక్కబోతూ వెనక్కి వచ్చి దాని మెడ నిమిరి పోయాడు.

మొదటి రెండు నెలలు మనియార్డర్ వచ్చింది. మనియార్డర్ ఫారం అడుగున నాలుగు ముక్కలు రాసుకోవడానికి కాస్త జాగా ఉండేది, అది చించి ఇంటివాళ్లకు ఇచ్చేవాళ్లం. సాయన్నకు నాలుగో తరగతి వరకు చదువొచ్చు. వంకర అక్షరాలతో రాసేవాడు: బర్రె ఈనిందా, కుడితి పెడుతున్నావా, దూడ ఆడదా మగదా. మూడో నెలలో పదకొండు ఇళ్లకూ మనియార్డర్లు ఒకే రోజు వచ్చాయి. పదకొండింటి మీదా ఒకటే చేతిరాత, ఒకటే మాట: "క్షేమంగా ఉన్నాను, పని బాగుంది, రంది పడొద్దు."

నేను గుర్తుపట్టాను శీనూ. ఆ రోజే గుర్తుపట్టాను. చదువు రానివాళ్లు మేస్త్రీ చేత రాయించుకున్నారేమో అనుకున్నాను. కానీ సాయన్నకు రాయడం వచ్చు కదా అని లోపల ఒక పురుగు తొలిచింది. అయినా డబ్బులిచ్చి, వేలిముద్రలు వేయించుకుని, పుస్తకం మూసేశాను. బాలమ్మ మాత్రం కదల్లేదు. "అన్నా, ఇంకోసారి చదువు" అంది. చదివాను. "బర్రె సంగతి అడగలేదా?" అంది. లేదన్నాను. "అయితే ఇది ఆయన మాట కాదు" అని కాగితం కొంగున కట్టుకుని పోయింది. చదువు రాని మనిషి ఒక్క క్షణంలో పట్టుకున్నది, చదువుకున్న నేను తెలిసీ మూసిపెట్టాను.

ఆ తర్వాత డబ్బూ ఆగింది, మాటా ఆగింది. రెండు నెలలు రోజూ మధ్యాహ్నం టపా సంచి విప్పే వేళకు ఆమె వచ్చి అరుగు మీద కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. చివరికి నేనే కాగితం తీసి కలెక్టరుకు అర్జీ రాశాను. రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. అర్జీ పోయింది, అక్కడి జిల్లాకు ఇక్కడి నుంచి ఉత్తరం పోయింది, మనుషులు ఇల్లు చేరేసరికి ఇంకో నాలుగు నెలలు. రాత్రి రేకుల షెడ్డుకు బయట నుంచి తాళం వేసేవాళ్లట. పిండికి, కిరోసిన్‌కు, జ్వరం గోళీకి ఒక్కోదానికి ఒక్కో రేటు రాసేవాళ్లట. పదిహేను వందల అడ్వాన్సు తొమ్మిది నెలలు చాకిరీ చేశాక రెండు వేల రెండు వందల బాకీ అయింది. సాయన్న మోకాలు గుమ్మడికాయలా వాచి ఉంది. మహబూబ్‌నగర్ స్టేషన్‌లో దిగి, మాకు దండం కూడా పెట్టకుండా అడిగిన మొదటి మాట, బర్రె ఈనిందా అని. ఈనింది. దూడను, బర్రెను రెండింటినీ అమ్మి బాలమ్మ పిల్లలను సాకింది.

చట్టాలు అప్పటికే ఉన్నాయి. మనుషుల్ని అమ్మడం, వెట్టిచాకిరి చేయించడం నేరమని రాజ్యాంగం 23వ అధికరణలోనే రాశారు. వెట్టి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది, ఆ బాకీ అసలు చెల్లదని అందులో ఉంది. వేరే రాష్ట్రానికి కూలీలను తీసుకుపోయేవాడు లైసెన్సు తీసుకోవాలని, ప్రతి కూలీకి పాసుబుక్కు ఇవ్వాలని 1979లో ఇంకో చట్టం చేశారు. కనీస కూలి కన్నా తక్కువిచ్చి పని చేయించినా అది బలవంతపు చాకిరేనని 1982లో ఏషియాడ్ కూలీల కేసులో, అంటే ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల్లో పనిచేసినవాళ్ల కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ ఉండగానే సాయన్న షెడ్డుకు తాళం పడింది. చట్టం తనంతట తాను నడిచి రాదు, ఎవరో ఒకరు అర్జీ రాయాలి.

చలి మొదలైంది. నీ ఉన్ని స్వెటర్ ఇక్కడే ఉండిపోయింది. నీకు పొద్దున గొంతు పట్టేస్తుంది, చల్లనీళ్లు తాగకు.

బ్యాంకాక్ అన్నాడు కదా కిష్టయ్య కొడుకు. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టక ఫోన్‌లో ఉన్నవన్నీ చదివాను. కంప్యూటర్ వచ్చిన, ఇంగ్లీషు వచ్చిన పిల్లల్నే పట్టుకుంటున్నారు. టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో పది నిమిషాల ఇంటర్వ్యూ, డేటా ఎంట్రీ అంటారు, కస్టమర్ సపోర్ట్ అంటారు, టికెట్ మేమే కొంటాం అంటారు. టూరిస్టుగా దిగాక కారులో గంటల తరబడి తీసుకుపోతారు. థాయిలాండ్ సరిహద్దులో మే సాట్ అనే ఊరు, అక్కడ మోయీ నది దాటితే మయన్మార్‌లోని మ్యావడీ. గోడలు, ముళ్ల కంచెలు, తుపాకులు పట్టుకున్న కాపలావాళ్లు. పాస్‌పోర్టు లాక్కుంటారు. ఆడపిల్లల ఫోటోలు పెట్టుకుని దేశదేశాల వాళ్లతో ప్రేమ కబుర్లు చెప్పి డబ్బు గుంజాలి. టార్గెట్ చేరకపోతే కొడతారు, ఇంటికి పోతానంటే లక్షలు కట్టమంటారు. సాయన్న బాకీ లాంటిదే, రూపాయల బదులు డాలర్లలో రాస్తారు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో 1,00,000 మంది ఇలా ఉండొచ్చని 2023లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. 2025 మార్చిలో మన ప్రభుత్వం వాయుసేన విమానాలు రెండు పంపి 549 మందిని వెనక్కి తెచ్చింది. వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు.

మన రిటైర్డ్ సారుకు పోలీసుమని ఫోన్ చేసి పెన్షన్ డబ్బంతా లాగినప్పుడు నువ్వే కదా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించింది. ఆ గొంతు ఎవరిదో మనకు తెలియదు. వెనక కర్ర పట్టుకుని ఒకడు నిలబడి ఉంటే, ఏ తల్లి కన్న బిడ్డో అట్లా మాట్లాడాడేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ మాట మీ అమ్మతో అనలేదు.

ప్రపంచంలో 2.76 కోట్ల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో లెక్క చెప్పింది. దాని మీద ఏటా 23,600 కోట్ల డాలర్ల పాపపు లాభం వస్తోందని 2024లో చెప్పింది. అంత డబ్బున్న చోట ఏజెంట్లు ఊరికే వదలరు. మనుషుల అక్రమ రవాణాను ఆపడానికి దేశాలన్నీ కలిసి 2000లో పలెర్మో ఒప్పందం రాసుకున్నాయి, మన దేశం 2011లో ఆమోదించింది. మోసపోయినవాడు మొదట ఒప్పుకున్నాడన్న సాకు చెల్లదని అందులో ఉంది, మన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లోనూ ఉంది. ఇది గుర్తుపెట్టుకో. ఎవరన్నా ఇరుక్కుంటే, నేనే సంతకం పెట్టాను కదా అని సిగ్గుపడి నోరు మూసుకోకూడదు. మనుషుల రవాణా మీద ప్రత్యేకంగా ఒక బిల్లు 2018లో లోక్‌సభలో పాసయింది, రాజ్యసభలో పాస్ కాకుండానే మురిగిపోయింది. అది నాకు బాధ.

ఇంకొకటి ఉంది, ఇది నీలాంటివాళ్లకు ముఖ్యం. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌కో, థాయిలాండ్‌కో, ఇట్లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ ఆఫీసు అనుమతి కావాలి. డిగ్రీ చదివినవాళ్లకు అది అక్కర్లేదు. చదువుకున్నవాడు తనను తాను చూసుకోగలడని ఆ రూలు పెట్టారు. ఆ సందులోంచే ఇప్పుడు చదువుకున్నవాళ్లను పట్టుకుపోతున్నారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఏజెంటుకు లైసెన్సు ఉండాలి, ఆ పేర్లు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. బావ దగ్గర లక్షన్నర అడిగావని అక్క చెప్పింది. ఆమెను కోప్పడకు, ఏడ్చుకుంటూ చెప్పింది. విజిట్ వీసా మీద ఉద్యోగం చేయనివ్వరు, ఎవడు చెప్పినా నమ్మకు. పోవాలనే ఉంటే విదేశీ ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, హైదరాబాద్‌లోనే, ఒకసారి పోయి అడుగు. కావాలంటే నేనూ వస్తాను, లీవు పెడతాను.

నీకు చదువు చెప్పొద్దనే మొదలుపెట్టాను. చూడు, ఎంత రాశానో.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. సోమవారం సంచిలో నీ పేరు మీద కవరు వచ్చింది. పైన పాస్‌పోర్టు ఆఫీసు ముద్ర ఉంది. అడ్రసుదారు చేతికే ఇవ్వాలి, తండ్రి చేతికి కూడా కాదు. అందుకని "ఊళ్లో లేడు" అని రాసి ఆఫీసు పెట్టెలో పెట్టి తాళం వేశాను. మీ అమ్మ వెనక్కి పంపెయ్యమంది. ఒక్క ముక్క రాస్తే పోతుంది. నేను రాయలేదు. అది నీది. కానీ కొన్నాళ్లే ఉంచడానికి ఉంటుంది, ఆ తర్వాత తిరుగుటపాలో పోవాల్సిందే.

ఆదివారం రా. సోమవారం పొద్దున ఆఫీసు తెరవగానే ఆధార్ చూపించి సంతకం పెట్టి తీసుకుపో. ఆ రాత్రి మాత్రం మాతో అన్నం తిని, ఆ ఏజెంటు ఎవరు, కంపెనీ పేరేంటి, ఆఫర్ లెటర్ మీద ఏముంది, అన్నీ నా ముందు పెట్టు. తీరిగ్గా చూద్దాం. మీ అమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు చేస్తానంటోంది. మాసిన బట్టలు మూట కట్టుకుని రా, బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, చలిగాలి.

అన్నీ చూసుకున్నాక కూడా పోతానంటే పో. కానీ ఏ దేశం పోయినా, ఏ నంబరు నుంచి మెసేజ్ పెట్టినా, మొదటి మాట ఎర్రబర్రె సంగతి అడుగు. ఆ మాట లేకపోతే అది నువ్వు రాసింది కాదనుకుని మరుసటి పొద్దునే అర్జీ పట్టుకుని బయలుదేరతాను, ఈసారి రెండు నెలలు ఆగను.

ఇంకా ఈనలేదు. నేడో రేపో.

ఇట్లు,
మీ నాయిన