ఐసు పెట్టె ఇంటి దగ్గరే చేద్దాం

చిరంజీవికి నాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కదా, జూన్ 14 దాకా పడవలన్నీ ఒడ్డునే. వలలు కుట్టుకోవడం, ఇంజన్ విప్పి చూసుకోవడం తప్ప పని లేదు. నువ్వు అడిగిన ఐసు పెట్టె సంగతి ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాసి పంపుతున్నాను.

గుజరాత్ వీరావల్‌లో మీరెక్కే బోట్లకి కిందే ఐసు గది ఉంటుంది. మన ఫైబర్ పడవకి అంత చోటేదీ? రాత్రి వల వేసి పొద్దున్నకి ఒడ్డుకొచ్చేసే వేటకి ఐసు దేనికని మీ తాత అనేవాడు. ఆ మాట ఇప్పుడు మీ అమ్మ దగ్గర అని చూడు! వేలం పాట దగ్గర వంజరం మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటే ఒక రేటు, గోధుమ రంగుకి తిరిగితే ఇంకో రేటు. ఎండలో పడున్న కానాగంతలకి పొట్టలు పగిలితే ఇక ఎండబెట్టుకోవడమే. ట్యూనా అయితే మరీ ప్రమాదం. ఐసు లేకుండా ఉంచితే అందులో హిస్టమిన్ అనే విషం పుడుతుంది, అది వండినా పోదు. తిన్నవాళ్ల ఒళ్లు దద్దుర్లెక్కుతుంది.

కొనేద్దాం అన్నావు. కొనే పెట్టెలు చెడ్డవని కాదు, మన పడవలో రెండు అడ్డ బల్లల మధ్య చోటుకి సరిగ్గా కూర్చునేది దొరకదు. అక్కడ నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు పడుతుంది. మూత దానికి పైన. గోడలు, అడుగు, మూత అన్నీ మూడంగుళాల మందం. బయట చూస్తే 560 లీటర్ల పెట్టె, లోపల మిగిలేది 350 లీటర్లే. గోడలు పల్చన చేస్తే ఇంకా చేప పడుతుంది కదా అంటావని తెలుసు. మందం సగం చేస్తే గోడలోంచి దిగే వేడి రెట్టింపు అవుతుంది. అప్పుడు ఆ మిగిలిన చోటంతా ఐసుకే పోతుంది.

లెక్క చెబుతాను. వంద కిలోల చేపని 30 డిగ్రీల నుంచి సున్నాకి దించడానికి కరిగే ఐసు ముప్పై కిలోల పైచిలుకే. అయినా మన ఎండలకి కిలో చేపకి కిలో ఐసు వేసుకోమంటారు. మిగతాదంతా గోడల్లోంచి, మూత తీసినప్పుడల్లా దూరే వేడితో కొట్లాడ్డానికి. అందుకే నా మాట ఒకటే: డబ్బు పెడితే గోడల లోపల వేడిని ఆపే పఫ్ (గట్టి నురుగు పలక) మీద పెట్టు, పై రంగు మీద కాదు. మూత మీద హీరో బొమ్మ తరవాత వేయించుకుందువు గాని.

థర్మోకోల్ చవక అని ఎవరైనా చెబితే వినకు. పెట్టెకి పూసే ఫైబర్ జిగురులో, అదే రెజిన్‌లో, స్టైరీన్ అనే రసాయనం ఉంటుంది. అది తగిలిందంటే థర్మోకోల్ పెనం మీద వెన్నలా కరిగి గుంట పడిపోతుంది. పఫ్ పలకలకి ఆ బాధ లేదు. వాటిని కోసి పెట్టెలా అతికించి, బయట రెండు వరసలు, లోపల మూడు వరసలు 450 రకం గాజు నార మ్యాట్‌ని రెజిన్‌తో తడిపి వేస్తాం. లోపలే ఎక్కువ ఎందుకంటే ఐసు పగలగొట్టే గునపం దెబ్బలు పడేది అక్కడే. మ్యాట్ పదునైన అంచు మీద వంగదు, లేచి గాలి పట్టేస్తుంది. ముందే అంచులన్నీ గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీయాలి. లోపలి మూలల్లో రెజిన్‌లో చాక్ పౌడర్ కలిపిన పుట్టీని వేలితో నున్నగా లాగాలి. రోలర్ తిప్పుతుంటే తెల్ల మచ్చ కనబడిందంటే అక్కడ గాలి ఉన్నట్టే. అది పోయేదాకా రోలర్ ఆపకూడదు.

మే నెల ఎండకి రెజిన్ మగ్గులోనే బిగిసిపోయి పొగలు కక్కుతుంది. అందుకని తెల్లారగట్ల, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. రెజిన్‌ని గట్టిపరిచే హార్డ్‌నర్ ఒక శాతం చాలు. ముందు ఆ పని తొందరగా జరిగేలా చేసే కోబాల్ట్ మందుని రెజిన్‌లో బాగా కలిపాకే హార్డ్‌నర్ పొయ్యాలి. ఆ రెండూ నేరుగా ఒకదాన్నొకటి తాకకూడదు, పేలతాయి. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా నా దగ్గరికి రాకు, తిడతాను.

మూత బందులు బిగించే చోట పఫ్ తీసేసి చెక్క ముక్కలు ముందే పొదుగుతాను. తరవాత స్క్రూలు వాటిలోకే దిగాలి. పఫ్‌లోకి చిల్లి పడితే నీళ్లు దూరతాయి, తడిసిన పఫ్ చలవ ఆపదు, పెట్టె కూడా బరువెక్కుతుంది. నీళ్లు పోయే గొట్టం లోపలి పొరకీ, బయటి పొరకీ ఫైబర్‌తో అతుక్కుని ఉండాలి. కరిగిన నీళ్లు ఎప్పటికప్పుడు వదిలెయ్యాలి. నెత్తుటి నీళ్లలో నానితే చందువా రంగే పోతుంది.

అయ్యాక మూత తీసి వారం రోజులు ఎండలో ఉంచి, సబ్బు నీళ్లతో కడగాలి. కొత్త ఫైబర్ వాసన చేపకి పట్టిందంటే మీ అమ్మ దాన్ని ఎవరికీ అమ్మలేదు, మనల్ని మాత్రం వాయించేస్తుంది.

పఫ్ పలకలకి, మ్యాట్‌కి కాకినాడలో చెప్పాను. మూత కింద పెట్టే మెత్తని రబ్బరు పట్టీ ఇక్కడ మంచిది దొరకడం లేదు. అక్కడ బోట్ల సామాన్ల షాపులో పదిహేను అడుగులు కొని తీసుకురా. సన్నది వద్దు, బొటనవేలంత వెడల్పు ఉండాలి. టికెట్ ఏ రోజుకి దొరికిందో అమ్మకి ఫోన్ చేసి చెప్పు.

మీ నాన్న