33 గంటల స్లైడ్

చిట్టీ,

కోడిపిండం బొమ్మలు గీసి గీసి విసుగొస్తోందని, గుడ్డు పొదిగి 24, 33, 48, 72 గంటలంటూ ఈ లెక్కలు ఎవరిక్కావాలని ఫోన్లో చిరాకు పడ్డావు. ఆ స్లైడ్లు చూపించే జీతం తీసుకున్నదాన్ని, కాస్త నా మాట విను.

33 గంటల స్లైడ్‌లో అందరూ తల, గుండె చూసి వదిలేస్తారు. నువ్వు తోకవైపు చూడు. పిండం వీపు మీద పలకలా పరుచుకున్న కణాల పొర, అంటే నాడీ ఫలకం, దాని అంచులు రెండూ పైకి లేచి, కజ్జికాయ అంచుల్లా అతుక్కుంటే గొట్టం తయారవుతుంది. ముందుభాగం మెదడు, మిగతాది వెన్నుపాము. నీ స్లైడ్‌లో ముందువైపు అతుకు పడిపోయింది, వెనక ఇంకా తెరుచుకునే ఉంది. మనుషుల్లో ఈ అతుకు సరిగా పడకపోతేనే స్పైనా బిఫిడా అనే వెన్ను లోపం వస్తుంది. గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ ఇచ్చేది అందుకే.

గొట్టం కిందనే పృష్ఠవంశం (నోటోకార్డ్) అనే సన్నటి కడ్డీ ఉంటుంది, వెన్నెముక కాదు. దాన్నుంచి వచ్చే ప్రొటీన్ పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. అవును, వీడియో గేమ్ పేరే, నవ్వకు. కండరాలను కదిలించే నాడీకణాలు గొట్టం కిందిభాగంలో పుట్టడానికి కారణం అదే. ఇంకో పృష్ఠవంశం ముక్క తెచ్చి గొట్టం పక్కన పెడితే అటువైపు కూడా అవే కణాలు పుట్టాయి!

అయితే పుట్టినవన్నీ మిగలవు. కోడిపిండంలో రెక్కగా ఎదిగే మొగ్గను కోసేస్తే అటువైపు వెన్నుపాములో నాడీకణాలు తగ్గుతాయని 1934లో విక్టర్ హాంబర్గర్ అనే పిండశాస్త్రవేత్త చూపించాడు. కొత్తవి పుట్టట్లేదని ఆయన అనుకున్నాడు. ఇటలీలో రీటా లెవీ-మోంటాల్చీనీ అదే పని మళ్లీ చేసింది. యూదురాలని 1938 చట్టాలు యూనివర్సిటీ నుంచి గెంటేస్తే, టూరిన్‌లో తన పడకగదినే ల్యాబ్ చేసుకుంది. కుట్టుసూదులు సానబెట్టి పరికరాలు చేసుకుంది. పిండం తీశాక మిగిలిన గుడ్డు వంటింట్లోకే! యుద్ధకాలం మరి. ఆమెకు కనిపించింది వేరు: కణాలు మామూలుగానే పుడుతున్నాయి, రెక్క లేక తర్వాత చచ్చిపోతున్నాయి. రెక్క ఉన్న మామూలు పిండంలో కూడా వాటిలో సుమారు సగం పోతాయని తర్వాత తేలింది. అంటే కణాలను బతికించే పదార్థం ఏదో ఉండాలి కదా, దానికోసం వెతుకుతూ పోతే దొరికింది నాడీ పెరుగుదల కారకం, దానికే ఆమెకు 1986లో నోబెల్.

ఈసారి ల్యాబ్‌లో మీ మేడమ్‌ని అడిగి 72 గంటల అడ్డకోత స్లైడ్ పెట్టించుకో. ముందు గొట్టం కింద గుండ్రంగా ఉన్న చిన్న చుక్కను వెతుకు, అదే పృష్ఠవంశం. దొరికాకే పెన్సిల్ పట్టుకో.

అమ్మ