జబ్బ కీలు జారితే ఆపరేషనే దిక్కా?

సంపాదకుడికి,

కబడ్డీ ఆడుతూ జబ్బ మీద పడ్డ పిల్లల్ని, బైకు మీంచి పడ్డ కుర్రాళ్లని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూశాను. కాలర్ బోన్, అంటే మెడ కింద అడ్డంగా ఉండే ఎముక, కీలు జారిందనగానే కొందరు అప్పు చేసి విశాఖపట్నం పరుగెడతారు, కొందరు నాటు కట్టు కట్టించుకుంటారు. చాలామందికి ఈ రెండూ అక్కర్లేదు.

భుజం కొసన ఉండే ఈ కీలు ఎంత జారిందో చూసి డాక్టర్లు 6 రకాలుగా చెబుతారు. మొదటి రెండింటికీ ఆపరేషన్ లేదు. మూడో రకంలోనూ ఎక్కువమందికి ముందు ఆపరేషన్ లేకుండానే చూస్తారు. ఆ పైవాటికి మాత్రం సాధారణంగా సర్జన్ కావాలి. కీలు పూర్తిగా జారినవాళ్ల మీద కెనడా సర్జన్లు చేసిన పరిశీలన 2015లో వచ్చింది. ప్లేటు వేయించుకున్నవాళ్ల కంటే వేయించుకోనివాళ్లే మొదటి మూడు నెలల్లో చేతిని బాగా వాడగలిగారు, రెండేళ్లకు ఇద్దరూ సమానమే. పైగా కొక్కెం ప్లేటు వేస్తే, దాన్ని తియ్యడానికి చాలాసార్లు మళ్లీ కొయ్యాలి.

ఆపరేషన్ లేకపోతే జబ్బ మీద బుడిపె ఉండిపోవచ్చు. పెళ్లికావలసిన పిల్లల ఇళ్లల్లో అది పెద్ద టెన్షనే, కాదనను. కానీ పనికి మాత్రం సాధారణంగా అడ్డు రాదు.

ఒకటి నుంచి మూడు వారాలు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ), ఐసు, నొప్పి మాత్రలు. అసలు వైద్యం ఆ తర్వాతే. మంచి చెయ్యి బల్లకు ఆన్చి ముందుకు వంగి, దెబ్బ తగిలిన చేతిని వేలాడేసి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. కొన్నాళ్లకు వేళ్లతో గోడ మీద పైకి పాకించాలి. తర్వాత రబ్బరు పట్టీ లాగుతూ వీపు మీది రెక్క ఎముక కండరాలకు బలం తెచ్చుకోవాలి. బరువులకు, కబడ్డీకి 6 నుంచి 12 వారాలు ఆగాలి. ఇదంతా చూపించే మనిషి లేక, భయంతో నెలల తరబడి స్లింగ్ తియ్యకుండా జబ్బ బిగిసిపోయినవాళ్లు నాకు తెలుసు.

ఒక్క జాగ్రత్త. కాలర్ బోన్‌కు రెండో వైపు, రొమ్ము ఎముక దగ్గరి కొస వెనక్కి జారితే గాలిగొట్టం, పెద్ద రక్తనాళాలు నొక్కుకుపోవచ్చు. ఊపిరి ఆడకపోయినా, మింగుడు పడకపోయినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. అక్కడ మర్దనలు, లాగడాలు అస్సలు కూడదు.

మందస నుంచో కొత్తూరు నుంచో వ్యాయామం నేర్చుకోవడానికి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వస్తే కూలివాడికి ఆ రోజు కూలి పోయినట్టే. టెక్కలి, పలాస, పాతపట్నం ప్రభుత్వాసుపత్రుల్లో వారంలో ఫలానా రోజులని ముందే చెప్పి ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టాలి. స్లింగ్‌తో పాటే ఈ వ్యాయామాలు బొమ్మలతో, తెలుగులో ఉన్న కాగితం చేతికివ్వాలి. స్కూళ్ల ఆటల పోటీలు మొదలయ్యేలోగా జిల్లా వైద్యాధికారులు ఈ పని చెయ్యాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, నరసన్నపేట