విషయం: టార్నీట్ ఇంటి సెటిల్‌మెంట్ గురించి ఎన్ని మెయిళ్ళు పెట్టినా జవాబు ఇవ్వకపోవడం

మేనేజర్ గారికి,

ఇంగ్లీషులో పెట్టిన మెయిళ్ళకి దేనికీ సరైన జవాబు రాలేదు కాబట్టి ఈసారి తెలుగులో రాస్తున్నా. "మన తెలుగువాళ్ళం, అన్నీ తెలుగులోనే విడమర్చి చెప్తాం" అని మీ పోస్టరు మెల్‌బోర్న్ వెస్ట్‌లో ఉన్న ప్రతి తెలుగు వాట్సాప్ గ్రూపులో వారం వారం పడుతుంది కదా. విడమర్చి చెప్పడం దాకా ఎందుకులెండి, కనీసం చదువుతారేమో చూద్దాం.

శుక్రవారం అవ్వాల్సిన సెటిల్‌మెంట్, అంటే మిగతా డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకోవడం, సోమవారం అయింది, సరే, అవుతుంటాయి. బ్యాంకు రెడీ కాక లేటైనవాళ్ళు మా చుట్టుపక్కలే బోలెడుమంది ఉన్నారు. నా కడుపుమంటల్లా ఏంటంటే ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఆ తర్వాత ఇవాళ్టి దాకా, మీ ఆఫీసులో ఒక్క మనిషి కూడా "అమ్మా, ఇదీ జరిగింది" అని నాతో అనలేదు.

అసలు మిమ్మల్ని ఎందుకు పెట్టుకున్నానో గుర్తుచేస్తా. ఇల్లు నచ్చిందనగానే ఏజెంటు తనకి తెలిసిన కన్వేయన్సర్ (మీలాగా ఇల్లు కొనే కాగితాల పని చూసేవాళ్ళు) కార్డు చేతిలో పెట్టాడు. ఏజెంటు పనిచేసేది అమ్మేవాళ్ళ తరఫున, అతను చూపించినవాళ్ళని పెట్టుకోవద్దని మా హాస్పిటల్లో అందరూ అన్నారు. లాయరు దగ్గరికే వెళ్ళమని ఒకరు, ఆన్‌లైన్లో 700 డాలర్లకే చేసేవాళ్ళున్నారని ఇంకొకరు. నేను మాత్రం మీరే అన్నా. 2020లో మా తమ్ముడి టౌన్‌హౌస్ చేసింది మీరే కదా, అప్పుడు మీరు ఇద్దరే ఉండేవారు, లాక్‌డౌన్లో రాత్రి పదింటికి చేసినా ఫోన్ ఎత్తేవారట. ఆ మాట పట్టుకుని మా ఆడపడుచు వాళ్ళని, నాతో పనిచేసే నర్సుల్ని కూడా మీ దగ్గరికి పంపింది నేనే. 700 కి చేసేవాళ్ళని కాదని మీకు 1,400 ఇచ్చింది ఆ ఎత్తే ఫోన్ కోసమే. ఇప్పుడు మీ ఆఫీసు పెద్దదైంది, స్టాఫ్ పెరిగారు, ఫోన్ ఎత్తేవాళ్ళే లేరు.

కాంట్రాక్టు, సెక్షన్ 32 (అమ్మేవాళ్ళు ఇంటి వివరాలు రాసిచ్చే కాగితం) సంతకం పెట్టకముందే మీకు పంపా, చూసి చెప్పండి అని. మీ అమ్మాయి ఏమందో తెలుసా, "అక్కా, మీరు సైన్ చేసేయండి, ఎలాగూ మూడు వర్కింగ్ డేస్ కూలింగ్ ఆఫ్ ఉంటుంది కదా, ఈలోపు మేము చూసేస్తాం." సరే అని పెట్టేశాం. ఆ మూడు రోజుల్లో వెనక్కి తగ్గాలంటే ధరలో 0.2 శాతం, అంటే మా 7 లక్షల 20 వేల ఇంటికి 1,440 డాలర్లు వదులుకుంటే చాలు, అది దాటితే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ గడువు చక్కగా అయిపోయాక మీ నుంచి ఒక్క లైను వచ్చింది, స్టాండర్డ్ కాంట్రాక్ట్, ఆల్ గుడ్ అని. వెనక ఫెన్స్ పొడుగునా డ్రైనేజ్ ఈజ్‌మెంట్ (డ్రైనేజీ కోసం వదిలిన జాగా) ఉంది కదా, అక్కడ పెర్గోలా, అదే పందిరి లాంటిది, వేసుకోవచ్చా అని అడిగితే "అది కూడా స్టాండర్డే అక్కా" అన్నారు. ఈజ్‌మెంట్ మీద ఏదైనా కట్టాలంటే ముందు కౌన్సిల్‌నీ, నీళ్ళ కంపెనీనీ అడిగి పర్మిషన్ తీసుకోవాలని చివరికి పక్కింటి పంజాబీ అంకుల్ చెప్పాడు, అదీ ఫీజు తీసుకోకుండా.

ఆ అమ్మాయి తర్వాత ఏమైందో తెలీదు, మా ఫైలు ఎవరో అబ్బాయికి ఇచ్చారు, ఆ సంగతి నాకు ఆటో రిప్లై చూస్తే తెలిసింది. ఆ అబ్బాయి మొట్టమొదటి మెయిల్లోనే వీఓఐ, అదే మేం మేమేనని గుర్తింపు రుజువు, పంపమన్నాడు. పోస్టాఫీసుకి వెళ్ళి పాస్‌పోర్టులు చూపించి ఎప్పుడో చేయించాం కదా బాబూ అంటే "మా సిస్టంలో కనబడట్లేదు, మళ్ళీ చేయించండి." మా ఆయన సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాడు. తర్వాత నెలలో ఇంకొకావిడ ఫోన్ చేసి, హైదరాబాద్ బ్యాక్ ఆఫీస్ నుంచి అట, మీ వీఓఐ రెండుసార్లు ఎందుకుందండీ అని నన్నే అడిగింది! ఏమని చెప్పాలి ఆవిడకి?

స్టాంప్ డ్యూటీ సంగతి కూడా అంతే. మాది మొదటి ఇల్లు, 6 లక్షల లోపైతే డ్యూటీ మొత్తం మాఫీ, 7 లక్షల 50 వేల దాకా కొంత తగ్గుతుంది, మాకు ఎంత తగ్గుతుందో లెక్కేసి చెప్పండి, బ్యాంకు వాళ్ళు అడుగుతున్నారు అని అంటే స్టేట్ రెవెన్యూ ఆఫీస్ వెబ్‌సైట్ లింక్ పంపించారు. ఆ లింకు నేనూ వెతుక్కోగలనండీ, గూగుల్ మాకూ ఉంది.

ఇక శుక్రవారం. అద్దె ఇంటి తాళాలు పొద్దున్నే ఇచ్చేశాం, సామాన్ల ట్రక్కు గంట లెక్కన మాట్లాడుకున్నాం, శనివారం తెల్లారి ముహూర్తం, పంతులుగారు ఎక్కడో క్యారమ్ డౌన్స్ నుంచి రావాలి, అత్తయ్య గుడివాడ నుంచి విజిటర్ వీసా మీద వచ్చిందే ఆ పాలు పొంగించడానికి. మధ్యాహ్నం మూడైంది, మీ నుంచి మెసేజ్ లేదు. ఏజెంట్ ఆఫీసుకి వెళ్తే అక్కడి అమ్మాయి పాపం డ్రాయర్ తీసి తాళాలు చూపించింది, ఎర్ర ట్యాగు మీద మా ఇంటి నంబరు, గ్యారేజ్ రిమోట్ కూడా దానికే కట్టేసి ఉంది. "సెటిల్ అయిందని మెయిల్ రాగానే ఇచ్చేస్తా" అంది. ఆ కౌంటర్ దగ్గరే నిలబడి మీకు ఫోన్లు. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని రికార్డింగు, కాసేపు వీణ, ఠక్కున కట్. మళ్ళీ రికార్డింగు, మళ్ళీ వీణ.

ఎట్టకేలకు ఒకబ్బాయి ఎత్తాడు. మేడమ్ మీటింగ్‌లో ఉన్నారక్కా అన్నాడు. మా సెటిల్‌మెంట్ ఏమైంది బాబూ అంటే "ఇవాళ శుక్రవారం కదక్కా, పెక్సా బిజీగా ఉంటుంది." పెక్సా అంటే ఈ సెటిల్‌మెంట్లు జరిగే ఆన్‌లైన్ సిస్టం. సరే, పెక్సాలో మాది ఏ స్టేటస్‌లో ఉందో చూసి చెప్పు అంటే "నాకు లాగిన్ లేదక్కా." లాగిన్ లేనోడికి పెక్సా బిజీగా ఉందని ఎలా తెలిసిందో ఆ దేవుడికే తెలియాలి. ముహూర్తం ఉంది బాబూ రేపు అన్నా, ఏడుపొక్కటే తక్కువ నాకు. దానికి ఆ మహానుభావుడు, "ముహూర్తం ఎప్పుడూ సెటిల్‌మెంట్ తర్వాత ఒక వారం గ్యాప్ ఇచ్చి పెట్టుకోవాలక్కా, మేము అందరికీ చెప్తాం" అన్నాడు. అందరికీ చెప్తారట! ఆ అందరిలో మేము లేమా, మాది 1,400 ఫీజు కదా, బహుశా ఆ సలహా వేరే ప్యాకేజీలో ఉంటుందేమో.

అసలు కారణం ఏంటో నాకు అమ్మేవాళ్ళ కన్వేయన్సర్ చెప్పింది, మీరు కాదు. డిజిటల్ డ్యూటీస్ ఫామ్, అదే స్టాంప్ డ్యూటీ ఫామ్, మీద మా సంతకాలు లేవంట. ఎలా ఉంటాయి, ఆ లింకు మీరు మాకు పంపించిందే శుక్రవారం సాయంత్రం 4:50కి. పంపిన మెయిల్లో "అర్జెంట్, వెంటనే సైన్ చేయగలరు" అని ఎర్ర రంగులో! కార్లో కూర్చుని ఇద్దరం వెంటనే సైన్ చేశాం, అప్పటికి బ్యాంకు వాళ్ళు బల్లలు సర్దేసి వెళ్ళిపోయారు. ఆ మూడు రాత్రులు సామాన్లు తమ్ముడి గ్యారేజ్‌లో, ఆరుగురం వాళ్ళ రెండు బెడ్‌రూముల్లో. పంతులుగారికి ఫోన్ చేసి వద్దని చెప్పేటప్పుడు అత్తయ్య ముఖం చూడలేకపోయా.

కాంట్రాక్టు ప్రకారం లేటుకి 12 శాతం వడ్డీ. డిపాజిట్ పోను మిగిలిన 6 లక్షల 48 వేల మీద మూడు రోజులకి 639 డాలర్లు, సోమవారం మేమే కట్టాం, గతిలేక. దీనికి మీ వైపు నుంచి ఒక్క సారీ లేదు, కానీ మంగళవారం టంచనుగా మీ ఫైనల్ ఇన్వాయిస్ వచ్చింది, అందులో రీషెడ్యూలింగ్ ఫీజు అని 165. మీరు చెడగొట్టింది మీరే బాగుచేసినందుకు మేం కట్టాలన్నమాట. దాని మీద మెయిల్ పెడితే, డియర్ పర్చేజర్, యువర్ మ్యాటర్ ఈజ్ నౌ క్లోజ్డ్, ప్లీజ్ లీవ్ అజ్ ఎ ఫైవ్ స్టార్ రివ్యూ. దాని కింద ఐదు పసుపు చుక్కలు.

ఆ రివ్యూ రాయమంటే తప్పకుండా రాస్తా, మొత్తం డ్రాఫ్ట్ రెడీగా ఉంది, మీ పోస్టరు పడే గ్రూపులన్నిట్లోనూ దానికిందే పెడతా. కన్వేయన్సర్లకి లైసెన్సు ఎవరిస్తారో, కన్జ్యూమర్ అఫైర్స్ విక్టోరియాలో కంప్లైంట్ ఎక్కడ పెట్టాలో కూడా చూసుకున్నా. మీకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (పనిలో తప్పు జరిగితే నష్టం కట్టే బీమా) ఉండాలని చట్టమే చెప్తోంది, మరి అది ఎందుకుందో? అవసరమైతే వీక్యాట్ ట్రిబ్యునల్ దాకా వెళ్తా. నైట్ షిఫ్టులు చేసేదాన్ని, పగలంతా నాకు టైమే. 639 సంగతీ 165 సంగతీ మీరే తేల్చండి, తిరిగిస్తారో ఏం చేస్తారో, నోరు తెరిచి చెప్పండి చాలు. మా ఆడపడుచు వాళ్ళ ఫైలు ఇంకా మీ దగ్గరే ఉంది, వాళ్ళకి వచ్చే నెల సెటిల్‌మెంట్, వాళ్ళు అక్కడే ఉండాలో లేదో కూడా అప్పుడే చెప్తా వాళ్ళకి.

వచ్చే శుక్రవారం లోపు ఓనర్ గారే స్వయంగా ఫోన్ చెయ్యాలి, ఆ లాగిన్ లేని అబ్బాయి చేత చేయించొద్దు. సాయంత్రం 4:50కి మాత్రం చెయ్యొద్దు.

ఇట్లు,
మీ ఫైల్లో పర్చేజర్ నంబర్ టూ