వాక్య ధ్యానం, ప్రకృతి ఫోటోగ్రఫీ బృందం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ, వారి కుటుంబాలకీ ప్రభువు నామంలో వందనాలు.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు మన బృందం ఏం చేసిందో చెప్పే నివేదిక ఇది. ప్రతి నెలా రెండో శనివారం తెల్లవారకముందే కలవాలన్నది మన నియమం. సెప్టెంబరులో వరద వల్ల కలవలేకపోయాం. ఆ సంగతి బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అయినా ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతుంది. ఎందుకంటే ఈ ఏడాది మనం నేర్చుకున్నదంతా అక్కడే ఉంది.

కొత్తగా చేరినవాళ్ళ కోసం మన పద్ధతి ఒకసారి చెబుతాను. అందరం కూర్చున్నాక ఒకరు బైబిల్లోని ఒక వాక్యభాగాన్ని రెండుసార్లు నిదానంగా చదువుతారు. వినేవాళ్ళు మనసుకి తగిలిన ఒక్క మాట పట్టుకుంటారు. తర్వాత 20 నిమిషాలు మౌనం. అప్పుడు కెమెరా సంచిలోనే ఉండాలి, ఫోను సైలెంట్‌లో ఉండాలి. ఆ తర్వాత గంటసేపు ఫోటోలు, మనిషికి 12 మించకూడదు. చివర్లో మళ్ళీ కూర్చుని తలా ఒక ఫోటో చూపించి, తాము పట్టుకున్న మాట చెబుతారు. ఇది మనం కనిపెట్టిన పద్ధతి కాదు. చదవడం, నెమరు వేయడం, ప్రార్థించడం, ఊరక నిలవడం అని 12వ శతాబ్దంలోనే గీగో అనే మఠవాసి నాలుగు మెట్లు రాసిపెట్టాడు. మనం దానికి కెమెరా జోడించాం, అంతే.

12 ఫోటోల నియమం మీద పిల్లలు ఈసారి కూడా గొడవపడ్డారు. ఫోనులో వందలు పడతాయి కదా, ఎందుకు ఆపాలి అని. సంఘం ఆ నియమాన్ని మార్చలేదు, మార్చకూడదనే నా అభిప్రాయం కూడా. నొక్కుతూ పోయేవాడు చూడడం మానేస్తాడు. పన్నెండే ఉన్నాయని తెలిస్తే ప్రతిసారీ వేలు కాసేపు ఆగుతుంది. ఆ ఆగే క్షణం కోసమే మనం అంత పొద్దున్నే లేచి వస్తున్నాం.

జూన్‌లో పాస్టరు గారు ఒక సంగతి చెప్పారు. మొదటి కీర్తనలో ‘దివారాత్రము దానిని ధ్యానించువాడు’ అని చదువుకుంటాం. అక్కడ ధ్యానించడానికి వాడిన హీబ్రూ మాటకి గొణగడం, సన్నగా మూలగడం అనే అర్థముందట. యెషయా గ్రంథంలో గువ్వ మూలుగుకీ అదే మాట వాడారట. అప్పటిదాకా ధ్యానమంటే పెదవి కదపకుండా బిగుసుకుని కూర్చోవడమే అనుకున్న చాలామందికి ఆ రోజు పెద్ద బరువు దిగింది. పట్టుకున్న మాటని నోట్లోనే మెల్లగా అనుకోవచ్చని అప్పటి నుంచి చెబుతున్నాం. నిద్ర ముంచుకొచ్చేవాళ్ళకి ఇది బాగా పనిచేస్తోంది.

ఎండాకాలంలో ఏలూరు కాలువ గట్టున కలిశాం. కాలువకి నీళ్ళు ఆపేసిన రోజులు, అడుగున ప్లాస్టిక్ సంచులు తప్ప ఏమీ కనబడలేదు. ఒక తమ్ముడు ఆ చెత్తనే తీసి చూపించాడు. ప్రకృతి ఫోటో అంటే ఇదా అని కొందరు నొచ్చుకున్నారు. ‘శాంతికరమైన జలముల యొద్ద’ అని చదివి, కళ్ళముందున్న నీళ్ళు ఎలా ఉన్నాయో చూడకపోతే ఆ చదవడం సగమే అవుతుంది. ఆ ఫోటో డిసెంబరు ప్రదర్శనలో పెట్టాం.

జూలైలో సీతానగరం వైపు కృష్ణ ఒడ్డున మన పెద్దాయన, రైల్వేలో పనిచేసి రిటైరైనాయన, ఒక లకుముకిపిట్టని తీశారు. మనం రోజూ చూసే నీలం రంగుది కాదు, నలుపూ తెలుపూ కలిసినది. ఆ పిట్ట నీళ్ళ మీద గాలిలో ఒకేచోట నిలబడుతుంది. రెక్కలు టపటపా కొట్టుకుంటూనే ఉంటాయి, ముక్కు మాత్రం సూటిగా కిందికి, తల అంగుళం కూడా అటూ ఇటూ కాదు. చేప కనబడగానే రాయిలా పడుతుంది. ఆయన రెండు ఫోటోలు చూపించారు. మొదటిది కెమెరా షట్టరు సెకనులో రెండు వేలవ వంతు సేపే తెరిచి తీసినది. అందులో ప్రతి ఈకా విడివిడిగా, చెక్కినట్టు ఉంది. రెండోది సెకనులో 250వ వంతుది. రెక్కలు పొగలా చెదిరిపోయాయి, కన్ను మాత్రం స్పష్టంగా ఉంది. అందరూ మొదటిదే బాగుందన్నారు. ఆయన రెండోదే ఎంచుకున్నారు. "రెక్కలు ఆగితే పడిపోతుందమ్మా అది. చూపు ఆగితే చాలు" అన్నారు. ఆయన ఆ మాట చెప్పిన రెండు నెలలు తిరక్కుండానే మనకి దాని అవసరం పడింది.

సెప్టెంబరు 1 ఆదివారం. ఆరాధనకి బయల్దేరేసరికే సింగ్‌నగర్ వైపు నుంచి ఫోన్లు. బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్ళు ఇళ్ళలోకి వచ్చేశాయి. ఇంకోవైపు కృష్ణకి ప్రకాశం బ్యారేజీ కట్టినప్పటి నుంచి ఎన్నడూ చూడనంత వరద, 11.43 లక్షల క్యూసెక్కులు. కొట్టుకొచ్చిన బోట్లు గేట్లకి తగిలాయి. మన సభ్యుల్లో సింగ్‌నగర్‌లో ఉండేవాళ్ళు మేడలెక్కి రోజుల తరబడి పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ళ కోసం ఎదురుచూశారు. ఆ వారం మన వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫోటో కూడా రాలేదు. ఎవరి దగ్గర పడవ ఉంది, ఎవరింట్లో ముసలివాళ్ళున్నారు, ఎవరికి మందులు కావాలి, ఇవే. నీళ్ళు రాని చోట ఉన్నవాళ్ళందరూ వండి పంపారు, తర్వాత బురద ఎత్తడానికి వెళ్ళారు. ఎవరెవరు ఎంత చేశారో ఇక్కడ రాయొద్దని వాళ్ళే అడిగారు.

ఒక అక్కయ్య గురించి మాత్రం ఆవిడ అనుమతితో రాస్తున్నాను. ఇంట్లో నడుము లోతు నీళ్ళు. కెమెరా పోయింది, మూడేళ్ళ ఫోటోలున్న హార్డ్ డిస్క్ పోయింది. పెళ్ళినాటి బైబిలు నానిపోయి దొరికింది. పరామర్శకి వెళ్ళినప్పుడు నేను తొందరపడి, ఊరడింపుగా ఉంటుందనుకుని, ‘ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి’ అన్న వాక్యం చెప్పాను. ఆవిడ చేతిలో చీపురు ఉంది, మోకాళ్ళదాకా బురద ఉంది. "ఎలా ఊరకుంటామండీ?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ అక్టోబరులో రాలేదు.

ఆ ప్రశ్న పట్టుకుని నవంబరులో 46వ కీర్తన మొదటి నుంచి చదివాం. ఇన్నేళ్ళుగా మనం పదో వచనాన్ని ఒక్కదాన్నే తీసి, సూర్యోదయం ఫోటో కింద పెట్టి పంపుకుంటున్నాం. కీర్తన మొదటి వచనంలోనే ‘ఆపత్కాలములో’ అని ఉంది. భూమి మార్పునొందడం, సముద్రం ఘోషించడం, కొండలు కదలడం, యుద్ధాలు, ఇవన్నీ దాటాకే ఆ మాట వస్తుంది. ఊరకుండుడి అన్నచోట ఉన్న హీబ్రూ మాటకి వదిలెయ్యడం, చేతులు సడలించడం అనే అర్థముందని పాస్టరు గారు చెప్పారు. అంటే ఆ మాట నిశ్చలమైన చెరువు గట్టున కూర్చున్నవాళ్ళకి చెప్పింది కాదు. పొంగే నీళ్ళ మధ్య గుప్పిళ్ళు బిగించుకున్నవాళ్ళకి చెప్పింది. చీపురు వదిలెయ్యమని కాదు, అంతా నా చేతిలోనే ఉందన్న భయాన్ని వదలమని. ఆ రోజు అక్కయ్య వచ్చి చివరి వరుసలో కూర్చున్నారు. అప్పు తెచ్చుకున్న ఫోనులో ఒకటే ఫోటో చూపించారు. తాడు మీద ఆరబెట్టిన బైబిలు అంచు. పేజీలన్నీ ఉబ్బి విసనకర్రలా విచ్చుకున్నాయి, వాటి చివర్లలో నీళ్ళు ఎంతవరకు నిలిచాయో చెప్పే సన్నటి బురద గీత. "అతుక్కున్న పేజీలు రోజుకి నాలుగైదు విడదీస్తున్నానండీ. చదవడం కూడా అంతే అవుతోంది" అన్నారు. ఆ శనివారం 20 నిమిషాలు అయిపోయాక కూడా ఎవరూ లేవలేదు.

డిసెంబరు ప్రదర్శనకి ప్రింట్లు వేయించిన చోట రంగులు మార్చేసి ఇచ్చారు, సగం మళ్ళీ వేయించాల్సి వచ్చింది. వచ్చే ఏడాది ముందు ఒక్కటి వేయించి చూసి మిగతావి ఇద్దాం.

సంక్రాంతికి ముందు శనివారం పెదకాకాని దగ్గరున్న ఉప్పలపాడు పక్షుల చెరువుకి వెళ్ళాం. చదివింది మత్తయి సువార్త ఆరో అధ్యాయం, ‘ఆకాశపక్షులను చూడుడి, అవి విత్తవు కోయవు’. తుమ్మచెట్ల మీద గూడబాతులు, రెక్కల్లో గులాబీ రంగుండే పెద్ద కొంగలు కిక్కిరిసి ఉన్నాయి. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి మెడదాకా దూరి తింటుంటే, తల్లిని మింగేస్తుందేమో అనిపిస్తుంది. పదో తరగతి చదివే ఒక అమ్మాయి గంటంతా ఒకే గూడు చూసింది. "అవి విత్తవు గానీ, ఖాళీగా కూడా లేవు అంకుల్. పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉన్నాయి. టెన్షన్ మాత్రం పడట్లేదు" అంది. ఆ అమ్మాయికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఆ మాట తనకి తనే చెప్పుకుందని నాకు అర్థమైంది.

అక్కడే మన వాళ్ళొకరు దగ్గరి ఫోటో కోసం గట్టు దిగడంతో కొన్ని పక్షులు గూళ్ళు వదిలి లేచాయి. అది మన తప్పే. గూటి దగ్గరికి వెళ్ళకూడదు, ఫ్లాష్ వాడకూడదు, ఫోనులో కూతలు పెట్టి పిలవకూడదు. వీటిని ఇకమీద ప్రతిసారీ ప్రార్థనకి ముందే చదివి వినిపిస్తాం.

ఫిబ్రవరిలో మర్నాటి నుంచి గుణదల మేరీమాత ఉత్సవాలు కావడంతో రద్దీకి దూరంగా కొండపల్లి అడవికి వెళ్ళాం. బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టు కాయకి రెండు రెక్కలుంటాయి, రాలేటప్పుడు గిర్రున తిరుగుతూ దిగుతుంది. పిల్లలు వాళ్ళ 12 ఫోటోలూ దాని మీదే ఖర్చుపెట్టారు. ఒక్కటీ సరిగ్గా రాలేదు, వాళ్ళకి ఆ దిగులూ లేదు.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు. చందాలో మిగిలినది అక్కయ్య కెమెరాకి ఇద్దామని సంఘం అనుకుంది. తనకొద్దని, కెమెరా లేని పిల్లలకోసం బృందం పేరున ఒకటి కొనమని ఆవిడ అన్నారు. అలాగే చేస్తున్నాం.

వచ్చే కూడిక ఏప్రిల్ 12, మట్టల ఆదివారానికి ముందురోజు, ఉదయం 5:15కి పున్నమి ఘాట్ మెట్ల దగ్గర. 46వ కీర్తన మళ్ళీ తీసుకుంటున్నాం. అక్కయ్య తన బైబిల్లోంచే చదువుతానన్నారు, కీర్తనల పేజీలు విడదీయడం పూర్తయిందట.

మీ కార్యదర్శి