తాళం నట్ల విషయంలో మా పొరపాటు, మా కస్టమర్లకు మనవి

అందరికీ నమస్కారం.

బరంపురంలోని మా టైర్ల దుకాణానికి ఏళ్ళ తరబడి వస్తున్న మీకు, ఇచ్ఛాపురం, కంచిలి వైపు నుంచి సరిహద్దు దాటి బాలెన్సింగ్ కోసం వచ్చే వారికి కూడా, ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉంది. ఏడాదిగా మేము అల్లాయ్ చక్రాలకు, దొంగలు సులువుగా ఊడదీయకుండా, తమ సొంత తాళంచెవితోనే తిరిగే తాళం నట్లు బిగిస్తున్నాం. ఆ పనిలో మా వల్ల తప్పులు జరిగాయి. వాటిలో ఒకటి ఒక కుటుంబాన్ని రాత్రిపూట హైవే మీద నిలబెట్టింది.

గత నెలలో మా పాత కస్టమరు ఒకరు వృద్ధురాలైన తల్లితోనూ పిల్లలతోనూ విశాఖపట్నం బయలుదేరారు. పలాస దాటిన తరువాత, రాత్రి పదిన్నర ప్రాంతంలో, వెనుక ఎడమ టైరులో మేకు దిగింది. డిక్కీలో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. నాలుగు నట్లు ఊడి వచ్చాయి. ఐదోది మేము బిగించిన తాళం నట్టు. దాని తాళంచెవి కోసం ఆయన డ్యాష్‌బోర్డు అర, సీట్ల కింద, డిక్కీలో చాప ఎత్తి మరీ వెతికారట. అది అక్కడ లేదు. రెండు రోజుల ముందు టైర్లు అటూ ఇటూ మార్చినప్పుడు మా దుకాణంలోనే, గాలి గన్ను (గాలి ఒత్తిడితో నట్లు తిప్పే పనిముట్టు) సాకెట్టు లోపల ఇరుక్కుని ఉండిపోయింది. చివరకు ఒక పంక్చరు షాపతను నిద్ర లేచి వచ్చి, ఆ నట్టు మీదికి సాకెట్టును సుత్తితో దిగగొట్టి ఊడదీశాడు. చక్రం రంగు రెండు చోట్ల లేచిపోయింది. అప్పటికి అర్ధరాత్రి దాటింది.

చక్రానికి రంగు వేయించాం, కొత్త నట్టు ఇచ్చాం, పంక్చరు షాపతనికి ఆయన ఇచ్చిన డబ్బు తిరిగి ఇచ్చాం. అంతమాత్రాన ఆ రాత్రి ఆయన తల్లి రోడ్డు పక్కన కూర్చున్న గంటలను మేము వెనక్కి ఇవ్వలేమని నాకు తెలుసు. ఇందులో మరొక తప్పు కూడా ఉంది. తాళం నట్టుకు గాలి గన్ను పెట్టకూడదు. ఆ దెబ్బలకు తాళంచెవి అంచులు అరిగిపోతాయి, ఒక్కొక్కసారి విరిగిపోతాయి కూడా. ఆ సంగతి తెలిసి కూడా, రద్దీ ఎక్కువగా ఉన్న రోజున మా కుర్రవాళ్ళు గన్ను పెడుతుంటే నేను చూసి ఊరుకున్నాను. తప్పు వారిది కాదు, నాది.

అసలు ఈ నట్లు తెప్పించడానికి కారణం నిరుడు జరిగిన ఒక దొంగతనం. రోగికి తోడుగా వచ్చి, రాత్రి ఆసుపత్రి బయట కారు పెట్టుకున్న ఒకాయన తెల్లవారి వచ్చి చూస్తే, కారు ఇటుకల మీద నిలబడి ఉంది. నాలుగు చక్రాలూ లేవు. ఆ కారును లాగించి మా దగ్గరకు తెచ్చినప్పుడు, దొంగలు ఊడదీసిన నట్లు సీటు మీద ఒక సంచిలో ఉన్నాయి. ఒక్కదానికీ గీత పడలేదు. మారుతి కార్ల నట్టు 19 మిల్లీమీటర్ల పానాకు, హ్యుందాయ్ నట్టు 21కి వస్తుంది. ఆ పానాలు ప్రతి పంక్చరు షాపులోనూ ఉంటాయి, దొంగ దగ్గరా ఉంటాయి. తాళం నట్టుకు ఆరు పలకల తల ఉండదు. దాని ముఖం మీద అల వంటి వంకర గాడి ఒకటి చెక్కి ఉంటుంది, ఆ వంకరకు సరిపోయే తాళంచెవి పెడితేనే తిరుగుతుంది. చక్రానికి ఒకటి చొప్పున నాలుగు నట్లు, ఒక తాళంచెవి కలిపి సెట్టుగా వస్తాయి. మన బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో ఎక్కడో సందులో కారు వదిలి నడిచి వెళ్ళేవారికి, గోపాలపురంలో రాత్రి ఉండేవారికి ఇది అవసరమని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే ఇది దొంగను ఆపదు. ఆలస్యం చేస్తుంది, చప్పుడు చేయిస్తుంది. అమ్మేటప్పుడు ఈ మాట మీకు స్పష్టంగా చెప్పలేదు.

ఆ ఆలస్యం ఎంతసేపన్నది నట్టు నాణ్యతను బట్టి ఉంటుంది. మేము రెండు రకాలు పెట్టాం. పలాస సంఘటన తరువాత పాత చక్రం ఒకటి తీసుకుని, దుకాణం వెనుక రెండింటినీ పరీక్షించాం. చవక రకం మీద కొంచెం చిన్న సైజు సాకెట్టును నాలుగు దెబ్బలతో దిగగొట్టి తిప్పితే, రెండు నిమిషాలు కాకముందే ఊడి చేతిలోకి వచ్చింది. మంచి రకానికి చుట్టూ వదులుగా తిరిగే ఉక్కు కడియం ఉంది. సాకెట్టు దాన్ని పట్టుకుంటుందే తప్ప, లోపలి నట్టును పట్టుకోలేదు. కడియం మాత్రం గిర్రున తిరిగింది. చవక రకంలో ఇంకొక లోపం కూడా ఉంది. మన సముద్రపు గాలికి దాని పైపూత పొట్టులా లేచి, గాడిలో తుప్పు పేరుకుంటుంది. అప్పుడు అసలు తాళంచెవి కూడా సరిగా కూర్చోదు. అందువల్ల చవక రకం అమ్మడం మానేశాం. మా దగ్గర అది కొన్నవారికి, బిల్లు లేకపోయినా సరే, అదనంగా ఏమీ తీసుకోకుండా మంచి రకం బిగించి ఇస్తాం. బిగించి ఆరు నెలలు దాటి ఉంటే దయచేసి ఆలస్యం చేయకండి.

బయట కొని తెచ్చి బిగించమనేవారికి ఒక హెచ్చరిక. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా, మారుతి స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) మందం 12 మిల్లీమీటర్లు, మరల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. హ్యుందాయ్, కియా, హోండా కార్లకు అదే 12 మిల్లీమీటర్లు, కానీ మరల మధ్య దూరం 1.5. ఒకదానిది మరొకదానికి బలవంతంగా ఎక్కిస్తే స్టడ్డు మర చెడిపోతుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లకు నట్లే ఉండవు, 14 మిల్లీమీటర్ల బోల్టులు ఉంటాయి. మర కుదిరినా, నట్టు చక్రం మీద కూర్చునే చోటు కూడా కుదరాలి. కొన్ని చక్రాలకు అది గరాటులా ఏటవాలుగా, కొన్నిటికి బంతిలా గుండ్రంగా, కొన్నిటికి చదునుగా ఉంటుంది. గుండ్రటి గుంటలో ఏటవాలు నట్టు పెడితే అంచు మాత్రమే ఆనుతుంది, పరుగులో వదులవుతుంది. చక్రం దొంగల పాలవడం కన్నా అది పెద్ద ప్రమాదం. మొదటి నాలుగైదు చుట్లు వేళ్ళతోనే సాఫీగా తిరగని నట్టును ఎవరి చేతా బిగించనివ్వకండి. మర మీద గ్రీజు, నూనె రాయవద్దు. చాలా కార్లకు బిగింపు సుమారు 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుకు ఎంతన్నది దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇకపై టార్కు రెంచితో (బిగింపును కొలిచే పానా) ఆ లెక్కకే బిగిస్తాం. యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి వస్తే మళ్ళీ చూసి పంపిస్తాం.

ఉక్కు రిమ్ములున్న కారుకు ఇవి కొనవద్దనే నేను చెబుతాను. బొలెరో వంటి బండ్లకు వెనుక తలుపు మీద బయటికి కనిపించే స్టెప్నీకి మాత్రం మొదట తాళం వేయించండి. షోరూము తరువాత మీరు వేయించుకున్న అల్లాయ్‌లను బీమా కంపెనీకి చెప్పి పాలసీలో రాయించుకోండి. చక్రాలు పోయి క్లెయిము వేస్తే, మామూలు పాలసీలో టైర్ల విలువలో 50 శాతం తరుగు కింద తీసేస్తారు, క్లెయిము వేయనందుకు ప్రీమియంలో ఏళ్ళుగా పెరిగిన తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, కూడా పోతుంది. టైరు పక్కన నాలుగు అంకెల తయారీ గుర్తు ఉంటుంది, మొదటి రెండు అంకెలు వారం, తరువాతి రెండు సంవత్సరం, 2323 అంటే 2023వ సంవత్సరం 23వ వారం. దానితో సహా నాలుగు చక్రాలనూ ఫోటో తీసి ఉంచుకుంటే పోలీసు ఫిర్యాదుకు ఉపయోగపడుతుంది.

మా దుకాణంలో మార్చినవి ఇవి. తాళం నట్లున్న కారు లోపలికి రాగానే స్టీరింగుకు ఎర్ర చీటీ కడతాం, దాని మీద ఒడియాలోనూ తెలుగులోనూ "తాళంచెవి తీసుకున్నారా" అని ఉంటుంది. తాళంచెవి మీ చేతిలో పడేదాకా ఆ చీటీ విప్పం, డబ్బు తీసుకోం. సెట్టుతో వచ్చే కోడ్ కార్డు (తాళంచెవి పోతే మరొకటి తెప్పించుకోవడానికి కోడు ఉన్న కార్డు) వివరాలు మేము రాసి పెట్టుకోవాలా అని చాలా ఆలోచించాను. కారు నంబరు పక్కన తాళం కోడు ఉన్న పుస్తకం ఒకటి దుకాణంలో ఉండటం నాకు మంచిదనిపించలేదు. కార్డు మీ ఇంట్లో, ఫోటో మీ ఫోనులో, తాళంచెవి స్టెప్నీ దగ్గర పానా సంచిలో ఉంచండి. దాన్ని ఎక్కడ పెట్టారో ఆ కారు నడిపే ప్రతివారికీ చెప్పండి.

ఆ సంఘటన తరువాత పనిముట్ల పెట్టెలన్నీ బోర్లించి చూస్తే మరో మూడు తాళంచెవులు దొరికాయి. రెండింటి యజమానులకు ఫోను చేసి ఇచ్చేశాం. ఒకటి మిగిలింది. 21 మిల్లీమీటర్ల పానాకు వచ్చేది, గాడి వంకరలో ఒక చోట చిన్న సొట్ట ఉంది. హ్యుందాయ్, కియా కార్లకు మా దగ్గర ఈ నట్లు వేయించుకున్నవారు ఈరోజే డిక్కీ తెరిచి చూసుకోండి. మీ తాళంచెవి కనిపించకపోతే దూరప్రయాణం పెట్టుకోక ముందు దుకాణానికి రండి. అది గల్లా పెట్టె పక్కన మేకుకు వేలాడదీసి ఉంది.