ఎండకు పదునెక్కే పురుగుమందు, మన చెరువులు

సంపాదకుల గారికి నమస్కారం.

యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో సాగర్ ఎడమ కాలువ కింద మా ఊళ్లలో ఏ గట్టు మీద చూసినా మందు పంపులే. మొగిపురుగుకు ఒకసారి, సుడిదోమకు ఇంకోసారి. కొట్టడమే తప్పని నేను అనను, పంట పోతే రైతు అప్పు ఎవరూ తీర్చరు. కానీ ఆ మందు మడి దాటి, ఒర్రెలో కలిసి, చెరువులో పడ్డాక ఏం చేస్తుందో అడిగే నాథుడు లేడు. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి కాబట్టి ఇప్పుడైనా అడగాలి.

నీటి పురుగుకు మనలాగా ఒంట్లో స్థిరమైన వేడి ఉండదు. నీళ్లెంత కాగితే దాని ఒళ్లూ అంతే కాగుతుంది. వేడి పెరిగేకొద్దీ దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్లలో మాత్రం ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 35 డిగ్రీలకు అది 7 లోపుకు పడిపోతుంది. అసలే ఊపిరాడక సగం చచ్చిన ప్రాణి మీద మందు పడుతుందన్నమాట. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు అయితే మరీ ప్రమాదం. పురుగు ఒంట్లోకి వెళ్లాక అది ఇంకో రూపంలోకి మారి నరాలను పట్టేస్తుంది, ఒళ్లు వేడిగా ఉంటే ఆ మార్పు ఇంకా త్వరగా జరుగుతుంది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో రాబీ స్టోక్స్ బృందం నీళ్లలో పెరిగే సూదితూనీగ పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, నీళ్లు వేడెక్కితే ఇదే మందు ఎక్కువ హాని చేస్తుందని తేలింది. పగటికీ రాత్రికీ వేడిలో తేడా పెరిగితే హాని ఇంకా ఎక్కువట. మన కుంటల్లో, మడుల్లో నిలిచిన లోతులేని నీళ్లకు ఆ తేడా రోజూ ఉండేదే.

ఎండకు మందు విరిగిపోతుంది, భయం లేదని చెప్పేవాళ్లున్నారు. అది సగమే నిజం. వేడికి మందు త్వరగా విరిగే మాట వాస్తవమే కానీ, విరిగేలోపే చచ్చేవి చస్తాయి. అదే వేడికి పైరు మీది పురుగు కూడా త్వరత్వరగా తరాలు మారుతుంది, మళ్లీ పంపు ఎత్తాల్సి వస్తుంది. సైపర్‌మెత్రిన్ జాతి మందులు క్లోరిపైరిఫాస్‌కు తలకిందులు, చల్లదనంలోనే వాటి విషం ఎక్కువ. కాబట్టి ఏ మందుకు ఆ మందును విడిగా, మన వేడిలో పరీక్షించాల్సిందే.

జరుగుతున్నది వేరు. నీటి జీవుల మీద మందు ప్రభావం తేల్చడానికి అంతర్జాతీయంగా వాడే పరీక్షను, డాఫ్నియా అనే చిన్న నీటి ప్రాణి మీద, 18 నుంచి 22 డిగ్రీల నీళ్లలో చేస్తారు. ఏప్రిల్ మధ్యాహ్నం మిర్యాలగూడ పక్క మడిలో కాలు పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. ఇక డబ్బా మీది రంగు త్రికోణం చెప్పేది మనుషులకూ పశువులకూ ఉన్న ప్రమాదం గురించే, చెరువు గురించి కాదు.

పురుగులు చస్తే మనకేం అనుకోవద్దు. పొద్దున్నే మడిలో దిగితే వరి కాడలకు అంటుకుని ఎండిన పొట్టు కనబడుతుంది. వీపు మీద నిలువునా చీలి ఉంటుంది, కాళ్లు మాత్రం కాడను విడవవు. తూనీగ నీళ్లలో పెరిగి, ఆ పొట్టు విడిచి, రెక్కలతో లేచిపోయిందని దానర్థం. నీళ్లలో ఉన్నన్నాళ్లూ అది దోమ పిల్లల్ని తింటుంది. రెక్కలొచ్చాక మొగిపురుగు రెక్కల పురుగునూ సుడిదోమనూ పట్టి తింటుంది. కొర్రమీను పిల్ల ఎదిగేదీ ఇలాంటి నీటి పురుగుల మీదే. 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు, ఏటా చేప పిల్లల్ని వదులుతున్నారు. ఆ చేపలు తినే తిండిని కాపాడే పని మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

యూరప్ 2020లోనే క్లోరిపైరిఫాస్‌ను ఆపేసింది. అదే ఏడు మేలో మన కేంద్రం 27 మందుల నిషేధానికి ముసాయిదా ఇచ్చింది, అందులో ఇదీ ఉంది. అయినా ఇప్పటికీ మన దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. కేంద్రం ఆ ముసాయిదాలో చెప్పిన మాట మీద నిలబడాలి. మందులకు అనుమతి ఇచ్చే రిజిస్ట్రేషన్ కమిటీ 30, 35 డిగ్రీల నీళ్లలో చేసిన పరీక్షల ఫలితాలు అడగాలి. మా కంపాసాగర్ పరిశోధన కేంద్రం యాసంగిలో మడి నీళ్ల వేడినీ, మందు కొట్టాక బతికిన తూనీగ పిల్లల్నీ లెక్కబెట్టి జిల్లా రైతులకు చెప్పాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

అందాకా ఊళ్లో మనం చేయగలిగేవీ ఉన్నాయి. మందు కొట్టిన మడి నీళ్లను కొన్ని రోజులు బయటికి వదలకుండా గండి కట్టుకోవచ్చు. చెరువు గట్టు వెంట నాలుగు సాళ్లు మందు లేకుండా వదలొచ్చు. కాలువలో పంపు కడగడం మాత్రం ఇవాళే మానాలి. కడిగిన నీళ్లు కళ్ల ముందే తెల్లగా పారుతుంటే చూస్తూ పోయేవాళ్లం మనమే. వచ్చే యాసంగి నాట్లకు ముందే రైతు వేదికల్లో వ్యవసాయ విస్తరణాధికారులు ఈ సంగతులు చెప్పేలా జిల్లా వ్యవసాయ శాఖ ఉత్తర్వు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక వరి రైతు, త్రిపురారం మండలం, నల్లగొండ జిల్లా